పెరట్లో రెండు తాబేళ్లకి తొట్టి కట్టించాలి: గుంత తవ్వాలా, పైకి కట్టాలా?

గుంటూరు పెరడు

అందరికీ నమస్కారం. మా దగ్గర రెండు ఎర్రచెవుల తాబేళ్లు ఉన్నాయండి, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారే, అవి. మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు కొన్నాం, అప్పుడు రూపాయి బిళ్లంత ఉండేవి. పాప ఇప్పుడు పదో తరగతి. పెద్దదాని చిప్ప టేపుతో కొలిస్తే 22 సెంటీమీటర్లు, చిన్నదానిది 16 వచ్చింది. ఇప్పటికీ మూడడుగుల గాజు తొట్టిలోనే ఉంటున్నాయి. పెద్దది రోజంతా గాజుకి ముక్కు ఆనించి కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. చూస్తుంటే మనసొప్పడం లేదు.

ఈమధ్యే సొంతింటికి మారాం. వెనక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పెరడు ఉంది. తూర్పు వైపు ఖాళీ, పొద్దున ఎండ బాగా పడుతుంది. పడమర పక్క ఒక కొబ్బరి చెట్టు, దాని వెనక పక్కింటి గోడ. నేల నల్లరేగడి. బోరు నీళ్లు బాగా ఉప్పు, బకెట్లకి తెల్లగా పట్టేస్తుంది. మున్సిపల్ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది.

మేస్త్రీ గారు వచ్చి చూసి మూడడుగులు తవ్వి సిమెంటు చేసేద్దాం అన్నారు. మా వారేమో, మా మరిది పొలంలో ఫారం పాండుకి, అంటే నీటి కుంటకి, వేసిన నల్ల షీటు మిగిలిందట, అది పరిచేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అంటున్నారు. మా అత్తయ్యగారికి దోమల భయం, పోయినేడు మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. నాకేమో వేసవి భయం. మేలో ఇక్కడి ఎండ మీకు తెలిసిందే, నీళ్లు కాగిపోతే వాటి గతేంటి? ఇంకోటి, అక్టోబరు వానలకి పెరట్లో చీలమండ లోతు నీళ్లు నిలుస్తాయి. పిల్లులు, కాకులు సరేసరి, గోడ వెనక ముంగిస కూడా తిరుగుతూ ఉంటుంది.

ఎవరైనా కట్టించి, కొన్నేళ్లుగా నడుపుతున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఎంత లోతు, ఎంత ఎండ, ఎంత నీడ, ఫిల్టరు ఏది? వీడియోలన్నీ చల్లటి దేశాల వాళ్లవే ఉన్నాయి.

కళింగతీరం (శ్రీకాకుళం)

మీవి ఎర్రచెవులవే అని మీరు రాశారు కాబట్టి సరే. అయినా ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. కంటి వెనక ఎర్రటి చార, పచ్చటి ఒంటి మీద పసుపు గీతలు ఉంటేనే అది అమెరికా జాతి. మన చెరువుల్లో, వరిచేలల్లో దొరికే మెత్తటి చిప్ప తాబేలుని గానీ, చిప్ప మీద నక్షత్రాల్లా పసుపు గీతలుండే నక్షత్ర తాబేలుని గానీ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా తెచ్చిస్తే తీసుకోవద్దు, అటవీ శాఖ వాళ్లకి అప్పగించాలి.

మా శ్రీకూర్మం గుడికి వచ్చినవాళ్లు అక్కడి తాబేళ్లని చూసి, ఇంటికెళ్లి ఇలాంటి నీటి తొట్టి గురించి ఆలోచిస్తుంటారు. గుడిలో ఉన్నవి నక్షత్ర తాబేళ్లు, అవి మెట్ట మీద బతికేవి. వాటికి ఈత రాదు, లోతు నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతాయి. రెండిటి పెంపకం పూర్తిగా వేరు.

తొట్టి సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు చెబుతారు. నేను అడిగేది ఒకటే. అవి ఎప్పటికీ బయటికి పోకుండా కట్టించండి. ప్రకృతి సంరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించిన ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జాతుల్లో ఈ ఎర్రచెవుల తాబేలు ఉంది. యూరప్ వాళ్లు 1997లోనే దిగుమతి ఆపేశారు. కేరళలో త్రిస్సూరు దగ్గర 2018లో కాలువలో కనపడింది. అక్కడిదాకా దానంతట అదే రాలేదు కదండీ, ఎవరో పెంచలేక వదిలేసిందే. మన కాలువలో ఇది చేరితే ఎండ కాగే చోటూ, తిండీ, గుడ్లు పెట్టే గట్టూ అన్నీ మన తాబేళ్ల దగ్గర లాక్కుంటుంది.

చెరువుగట్టు (భీమవరం)

గుంత తవ్వకండమ్మా. పైకి కట్టండి.

మాది చేపల చెరువుల కుటుంబం. పెరట్లో ఇవే తాబేళ్లకి తొట్టి కట్టి చాలా ఏళ్లయింది. మా వైపు కొత్త చెరువు వేయాలంటే ముందు గట్టు గురించి కాదు, తూము గురించి మాట్లాడుకుంటాం. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, మురికి ఎటు పోతుంది, ఆ దారిలో జాలీ ఎక్కడ బిగించాలి. అది తేలాకే పలుగు పట్టుకుంటాం. మీ మేస్త్రీ గారు చెప్పినట్టు మూడడుగులు తవ్వితే అడుగున పేరుకున్న మురికి బయటికి పోయే దారే ఉండదు. ప్రతిసారీ మోటారు పెట్టి తోడాలి. వారానికోసారి చేయాల్సిన పని నెలకోసారి అవుతుంది, తర్వాత అసలు చేయరు. పైగా మీది నల్లరేగడి. వేసవిలో బీటలు తీస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఆ కదలికకి నేలలో పాతిన సిమెంటు తొట్టి నెర్రెలివ్వకుండా ఉండటం కష్టం. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కూడా కనపడదు. ఇక అక్టోబరులో చీలమండ లోతు నిలిచిన వాననీళ్లు నేలమట్టపు కుంటలోకి చేరాయంటే, తాబేళ్లు ఆ నీళ్లతోపాటే గేటు దాటి కాలవలోకి పోతాయి. పైన కళింగతీరం గారు భయపడింది దానికే.

షీటు సంగతి. ఫారం పాండుకి వేసే 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు మందం) షీటు మంచిదే. కానీ తాబేలు గోళ్లు వాడివి, అంచు దొరికిన చోట రోజూ గీరుతూనే ఉంటుంది. మడతలున్న చోట ముందు పోతుంది. పైగా ఆ మడతల కింద మురికి చేరి కుళ్లుతుంది. తాత్కాలికంగా అయితే షీటు వేసుకోవచ్చు. ఈ జీవాలు సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతాయి. మీ పాప పెళ్లై, ఆమె పిల్లలు బడికి వెళ్లే నాటికీ ఇవి ఉంటాయి. ఇటుకతోనే కట్టండి.

నేనైతే ఇలా కట్టిస్తాను. పైమన్ను ఒక అడుగు తీసేసి ఇసుక, కంకర దిమ్మిస చేసి, దాని మీద సన్న ఇనుప మెష్ వేసి నాలుగంగుళాల కాంక్రీటు. దాని మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ, మూడున్నర అడుగుల ఎత్తు. లోపల 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు నీళ్లకి. ఒక చివర అడుగు లోతు, అక్కణ్ణించి వాలుగా దిగి రెండో చివర రెండున్నర అడుగులు. ఇది సుమారు 2,700 లీటర్లు. చిప్ప పొడవు సెంటీమీటరుకి 15 లీటర్ల చొప్పున లెక్క కడతారు, ఆ లెక్కన మీ రెండిటికీ 570 లీటర్లు చాలు. చల్లటి ఊళ్లలో చాలుతుందేమో గానీ గుంటూరు మేలో చాలదు. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా కాగుతాయి, అంత నెమ్మదిగా మురికవుతాయి. స్థలం ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

లోతు చివర, అన్నిటికన్నా పల్లపు చోట రెండంగుళాల పైపు, బయట బాల్ వాల్వు. పైపు మూతికి తాబేలు కాలు దూరని జాలీ. నేల వాలంతా ఆ మూతి వైపే ఉండాలి, ప్లాస్టరింగ్ రోజు మీరే దగ్గరుండి చెంబుతో నీళ్లు పోసి చూడండి. వాల్వు తిప్పితే మురికి నీళ్లు తమంతట అవే అరటి పాదుల్లోకి పోతాయి. కొబ్బరికీ మంచిదే. కొత్తిమీర, పుదీనా, పచ్చిగా తినే ఏ ఆకుకూరకీ మాత్రం ఆ నీళ్లు పెట్టకండి, సాల్మొనెల్లా అని విరేచనాలు, జ్వరం తెచ్చే బాక్టీరియా ఉంటుంది. నీటిమట్టానికి రెండంగుళాల పైన పొంగు పైపు ఒకటి, దానికీ జాలీ. తుపాను వానకి తొట్టి నిండితే నీళ్లు అందులోంచి పోవాలి గానీ గోడ మీదుగా కాదు.

గోడ పైన కడప బండ పరచండి, లోపలి వైపుకి ఆరంగుళాలు పొడుచుకు వచ్చేలా. ఈ జీవాలు ఒకదాని మీదొకటి ఎక్కి గోడ దాటుతాయి. మూలలైతే ఇంకా సులువు, రెండు గోడలకీ గోళ్లు ఆనించి పాకుతాయి. పైన ఆ బండ చూరు ఉంటే వెనక్కి పడిపోతాయి. మూడున్నర అడుగుల గోడ వల్ల ఇంకో లాభం, బంధువుల చంటిపిల్లలు వచ్చినప్పుడు మీకు గుండె దడ ఉండదు.

లోపలి ప్లాస్టరింగ్ నున్నగా ఉండాలి. ఇది గట్టిగా చెప్పండి. గరుకు నేల మీద పాకి పాకి తాబేలు పొట్ట చిప్ప అరుగుతుంది, ఆ గీతల్లో కుళ్లు మొదలవుతుంది.

ఇప్పుడు కొత్త సిమెంటు. దీని గురించి మేస్త్రీలు ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకి నీళ్లు కారకపోతే పని అయిపోయినట్టే. కొత్త సిమెంటులో సున్నం నీళ్లలోకి దిగుతూ ఉంటుంది, పీహెచ్ (నీళ్లలో ఆమ్లమెంత, క్షారమెంత చెప్పే అంకె) 11, 12 దాకా పోతుంది. ఆ నీళ్లలో వేస్తే కళ్లు, చర్మం కాలిపోతాయి. క్యూరింగ్ అయ్యాక తొట్టి అంచుదాకా నింపి వారం ఉంచి వదిలేయండి. గోడలు కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. మళ్లీ నింపండి. ఇలా మూడు నాలుగుసార్లు. మా వైపు అరటి బోదె ముక్కలు కోసి ఆ నీళ్లలో నానబెడతారు, నేనూ వేస్తాను. అది వేసినా వేయకపోయినా కొలవకుండా మాత్రం తాబేళ్లని దించకండి. పీహెచ్ కాగితాలు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. దగ్గర్లో చేపల, రొయ్యల రైతులకి నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబు ఉంటే సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి, పీహెచ్, అమ్మోనియా, కాఠిన్యం అన్నీ చూసి రాసిస్తారు. 8.5 లోపు వచ్చి, వారం తర్వాత కూడా అక్కడే నిలబడితే సిద్ధమైనట్టు.

ఎండా నీడా. మీ తూర్పు పక్క ఖాళీగా ఉండటం అదృష్టం. పొద్దున ఏడు నుంచి పది దాకా పడే ఎండ వాటికి మందు. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలతోనే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే కాల్షియం చిప్పకి పడుతుంది. గాజులోంచి వచ్చే ఎండ వెచ్చగా ఉంటుంది గానీ ఆ కిరణాలు రావు. ఇన్నేళ్లూ గాజు తొట్టిలో ఉన్నాయి కాబట్టి చిప్ప అంచులు వేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే డాక్టరుకి చూపించండి. లోతు చివర పడమర పక్కకి వచ్చేలా తొట్టి పెట్టుకోండి. అటు సగానికి 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే వల) పందిరి, పడమటి గోడకి బయట బీరపాదో మాలతీ తీగో పాకించండి, లేకపోతే సాయంకాలపు ఎండకి ఇటుక కాగి రాత్రంతా నీళ్లని వేడి చేస్తుంది. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు. మట్ట పడినా కాయ పడినా తాబేలు బతకదు. నీళ్లలో ఒక థర్మామీటరు వేసి ఉంచండి. 25 నుంచి 30 డిగ్రీలు వాటికి హాయి. 32 దాటుతుంటే సగం నీళ్లు వదిలి కొత్త నీళ్లు పట్టండి.

ఎండ కాగడానికి అరుగు కావాలి. రాతి బండ వేయకండి, మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. తాటి మొద్దు సగానికి చీల్చి, సగం నీళ్లలో సగం పైకి ఉండేలా అమర్చండి. గోడకి రెండడుగులు ఎడంగా ఉండాలి, మొద్దెక్కి అక్కణ్ణించి గోడ అందుకోకుండా.

గుంటూరు పెరడు

ఇంత ఓపికగా రాసినందుకు చాలా కృతజ్ఞతలండి. పైకి కట్టడం అనే ఆలోచనే మాకు రాలేదు. మా వారికి చదివి వినిపించాను, షీటు మాట మానేశారు. ఇంకా కొన్ని అడగొచ్చా? దోమల సంగతి మీరు రాయలేదు, అత్తయ్యగారు అదే అడుగుతున్నారు. ఫిల్టరు కొనాలా, చేసుకోవాలా? కరెంటు పోతే ఏమవుతుంది? చిన్నదానికి ముందు కాళ్ల గోళ్లు చాలా పొడుగు, పెద్దదాని మొహం ముందు వాటిని గబగబా ఆడిస్తుంటుంది. కొట్టుకుంటున్నాయా అని మా పాప అడుగుతోంది. గుర్రపు డెక్క వేస్తే నీళ్లు శుభ్రంగా ఉంటాయని పక్కింటావిడ అంటున్నారు, నిజమేనా?

డల్లాస్ నుంచి

మధ్యలో వస్తున్నాను, ఈ తాబేళ్లు మా ఊరివే కాబట్టి. టెక్సాస్‌లో మా ఇంటి వెనక వాగులో ఎండ కాసిన రోజు ప్రతి మొద్దు మీదా వరసగా ఎక్కి మెడలు చాపి ఉంటాయి. మనిషి అలికిడైతే అన్నీ ఒక్కసారే నీళ్లలోకి జారతాయి. ఇక్కడ వాటిని చూస్తే నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, అవి ఎండ కాగుతున్నంతసేపూ పక్కనే లోతు నీళ్లు ఉండాలి, దూకి దాక్కునే దారి లేకపోతే బెదురుతో అసలు పైకి ఎక్కవు. కాబట్టి మొద్దు లోతు వైపే పెట్టండి, అడుగు లోతు వైపు కాదు. రెండోది, ఇక్కడ చలికాలం వాటిని అదుపులో ఉంచుతుంది. నెలల తరబడి తిండి మానేసి అడుగున కదలకుండా పడి ఉంటాయి. గుంటూరులో ఆ విరామం లేదు, ఏడాదంతా తింటాయి, పెరుగుతాయి. బయట పడితే మన దగ్గర ఎందుకంత ప్రమాదమో దీన్ని బట్టే తెలుస్తుంది.

చేతుల శుభ్రత గురించి కూడా చెప్పాలి. అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేలు పిల్లల్ని అమ్మడం 1975 నుంచే నిషేధం. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా తెచ్చుకోవడమే కారణం. తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి. వాటి గిన్నెలు, బ్రష్షులు వంటింటి సింకులో కడగకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, మీ అత్తయ్యగారిలా పెద్దవాళ్లు తాకకుండా చూడటమే మంచిది.

పైన వల తప్పనిసరి. ఇక్కడ మాకు రకూన్లు, మీకు ముంగిస, వీధి కుక్క. తల, కాళ్లు లోపలికి లాక్కున్నా ఇవి పూర్తిగా మూసుకోలేవు.

చెరువుగట్టు (భీమవరం)

డల్లాస్ వారు మొద్దు గురించి చెప్పింది నిజం. లోతు వైపే పెట్టండి, కాకపోతే నీడ పందిరి బయట, పొద్దున ఎండ తగిలే చోట. వల కూడా వేయండి. చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల చవగ్గా దొరుకుతుంది. అది కాకులకీ గద్దలకీ సరిపోతుంది గానీ ముంగిసకి సరిపోదు, కొరికేస్తుంది. ఇనుప చట్రానికి వెల్డ్ మెష్ బిగించి రెండు తలుపుల్లా చేయిస్తే రాత్రి మూసుకోవచ్చు.

దోమలు. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం పది రోజులు నిలవ నీళ్లు కావాలి. పంపు నడుస్తూ పైనీళ్లు కదులుతుంటే దోమ గుడ్లు పెట్టదు. దానితోపాటు గుప్పీ చేపలు వేయండి. తాబేళ్లు కొన్నిటిని తింటాయి, మిగిలినవి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. వాటికి దాక్కునే చోటు కావాలి కాబట్టి తక్కువ లోతు మూలలో రెండు సిమెంటు ఇటుకలు బొక్కలు పక్కకి ఉండేలా పెట్టండి. అత్తయ్యగారికి అసలు చెప్పాల్సింది పెరట్లో మిగతా చోట్ల గురించి. కొబ్బరి చిప్పలు, కుండీల కింద పళ్లాలు, పాత టైర్లు. డెంగీ దోమ పెరిగేది వాటిలోనే.

ఫిల్టరు చేసుకోండి. నీలం డ్రమ్ము, 200 లీటర్లది. తాబేలు చేపలా కాదు, తినేదీ ఎక్కువ, విసర్జించేదీ ఎక్కువ, అక్వేరియం ఫిల్టర్లు దీనికి ఆగవు. పంపుతో తొట్టి అడుగున ఉన్న నీళ్లు డ్రమ్ము కింది భాగంలోకి రావాలి. అక్కడ మందంగా షేడ్ నెట్ చుట్టలో, సీసాలు కడిగే బ్రష్షులో నింపితే పెద్ద మురికి ఆగుతుంది. దాని పైన స్పాంజి, ఆ పైన గులకరాళ్లు. నీళ్లు పై నుంచి పొంగి చిన్న ధారగా తొట్టిలో పడాలి. డ్రమ్ము అడుగున ఒక వాల్వు పెట్టుకుంటే వారానికోసారి తిప్పి మురికి వదిలేయొచ్చు. గులకరాళ్లు మాత్రం కుళాయి కింద శుభ్రంగా కడిగేయకండి. వాటి మీద బతికే బాక్టీరియా మురికిలోంచి పుట్టే విషపు అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది, అది పట్టుకోవడానికి నెల నెలన్నర పడుతుంది. క్లోరిన్ నీళ్లతో కడిగితే అంతా పోతుంది. తొట్టి నీళ్లతోనే తొలిపి వదిలేయండి. మున్సిపల్ నీళ్లు కూడా ఒక రోజు డ్రమ్ములో నిలవుంచి పోయండి.

నీళ్ల గురించి ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, రొయ్యల చెరువులో అమ్మోనియా పెరిగితే తెల్లారేసరికి రైతుకి తెలిసిపోతుంది, రొయ్య గట్టుకి వచ్చేస్తుంది. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, కాబట్టి పాడైన నీళ్లలోనూ బతికే ఉంటుంది, తింటూనే ఉంటుంది. నెలల తర్వాత కళ్లు వాస్తాయి, చిప్ప మీద మెత్తటి మచ్చలు పడతాయి. అది చెప్పదు కాబట్టి మీరే కొలవాలి. నెలకోసారి అమ్మోనియా చూడండి.

పంపు గంటకి 2,000 లీటర్లు నిజంగా ఎక్కించేది కావాలి. పైకి ఎత్తేకొద్దీ తగ్గుతుంది కాబట్టి 3,000 అని రాసున్నది కొనండి. 40 వాట్ల పంపు రోజంతా నడిస్తే ఒక యూనిట్ లోపే. కరెంటు రెండు మూడు గంటలు పోతే ఏమీ కాదు. తుపానుకి రోజంతా పోతే తిండి ఆపేయండి, తినకపోతే మురికి ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు కొన్ని రోజులు తినకపోయినా నష్టం లేదు. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించకుండా పంపు నీళ్లలో దించొద్దు. మీరు తడి చేతులతో రోజూ అక్కడే ఉంటారు.

మీ బోరు నీళ్ల గురించి. మేలో రోజుకి రెండు మూడు బకెట్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. బోరు నీళ్లతో పైపైన నింపుతూ పోతే నెలలో ఇంకా ఉప్పెక్కి చిప్ప మీద తెల్లటి పెచ్చు కడుతుంది. వాల్వు తిప్పి వారానికి పావు వంతు వదిలి, మున్సిపల్ నీళ్లు కలిపి పోసుకోండి. మిద్దె మీది వాననీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచివి లేవు.

గుర్రపు డెక్క వేయొచ్చు, కానీ అది తిండిగానే పనికొస్తుంది. వేళ్లన్నీ కొరికేస్తాయి. ఒక్క మొక్క కూడా బయట కాలవలో పారేయకండి. దానికన్నా అజొల్లా (నీళ్ల మీద తేలే చిన్న నాచులాంటి మొక్క) పెంచండి. మీ మరిది గారి ఊళ్లో గేదెలకి వేసేవాళ్లు ఉంటారు, గుప్పెడు తెచ్చి వేరే టబ్బులో వేస్తే వారంలో అల్లుకుంటుంది. పెద్ద తాబేళ్లకి ఆకే ముఖ్యం. తూటికూర, అజొల్లా వేయొచ్చు. తోటకూర, పాలకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పెల్లెట్లు (షాపులో దొరికే తాబేళ్ల తిండి గుళికలు) రోజు విడిచి రోజు, తల పరిమాణమంత చాలు. అన్నం, బ్రెడ్డు, మరమరాలు అసలు వద్దు. చిలకల పంజరాల్లో పెట్టే తెల్లటి కటిల్‌ఫిష్ ఎముక ఒకటి నీళ్లలో వేసి ఉంచండి, కొరుక్కుంటాయి.

ఇక మీ పాప ప్రశ్న. అవి కొట్టుకోవడం లేదమ్మా. పొడుగు గోళ్లున్నది మగది, తోక కూడా లావుగా ఉంటుంది చూడండి. పెద్దది ఆడది. అలా గోళ్లాడించడం దాని సరసం. దీనివల్ల తొట్టి నమూనాకి ఇంకో మూడడుగులు కలపాలి. ఆడదానికి గుడ్లు పెట్టే మట్టి కావాలి. మగది లేకపోయినా పెడతాయి. మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణానికే వస్తుంది. అడుగు లోతు చివర దాటాక, అదే గోడల మధ్య, మూడడుగుల మట్టి గది కట్టించండి. నీళ్లలోంచి వాలుగా ఎక్కి వచ్చేలా. ఎర్రమట్టి, ఇసుక సగం సగం, అడుగు లోతు, కొంచెం చెమ్మగా. మీ నల్లమట్టి వేయకండి, ఎండితే రాయవుతుంది. తిండి మానేసి, వెనక కాళ్లతో ఎక్కడ పడితే అక్కడ గోకుతూ రెండు మూడు రోజులు తిరిగితే గుడ్లతో ఉందని అర్థం. మట్టి ఉన్నా పెట్టలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. మీకు దగ్గర్లో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, తాబేళ్లని చూసే డాక్టరు ఎవరో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

గుడ్లు పెట్టిన రోజే తవ్వి తీసి ఫ్రీజర్‌లో పెట్టేసి, తర్వాత పారేయాలి. పాపకి ఇది కష్టంగా ఉంటుంది, ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఒక్కో ఈతకి పది దాకా పిల్లలు వస్తే వాటన్నిటికీ ముప్పై ఏళ్లు నీళ్లు ఎవరు ఇస్తారు? అడిగినవాళ్లకల్లా పంచితే నాలుగేళ్లకి అవి ఏ కోనేట్లోనో తేలతాయి. పదో తరగతి పిల్లకి అర్థమవుతుంది.

పని మొదలుపెట్టేది సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి. ఫిబ్రవరిలో గోడలు, మార్చి అంతా సున్నం దిగడానికి, ఏప్రిల్ మొదట్లో తాబేళ్లని దించకుండానే నీళ్లు నింపి ఫిల్టరు నడపడం. మండే ఎండలు వచ్చేలోపు తాబేళ్లు దిగి ఏ మూల చల్లగా ఉందో నేర్చుకుంటాయి. మొదటిసారి నింపిన నీళ్ల పీహెచ్, కాఠిన్యం ల్యాబులో రాయించి ఇక్కడ పెట్టండి. బోరు నీళ్లు ఎంత, మున్సిపల్ ఎంత కలపాలో ఆ అంకెలు చూసి చెబుతాను.